నూట ముప్పై డాలర్ల మహాబలుడు

సూపర్‌మ్యాన్ పుట్టింది క్రిప్టాన్ గ్రహం మీద అంటాయి పుస్తకాలు. మాంద్యం రోజుల్లో క్లీవ్‌లాండ్‌లోని వలస కుటుంబాల ఇళ్లలో పుట్టాడంటుంది చరిత్ర. ఆ ఇళ్ల కథలు హీరోల కథలకంటే తక్కువేమీ కావు.

2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ సినిమాలో విలన్ మైఖేల్‌కు చిన్నప్పటి నుంచీ సూపర్‌హీరోల పిచ్చి. తానూ అలా కావాలనుకుంటాడు, కాలేకపోతాడు. ఎందుకా అని బుర్ర బద్దలు కొట్టుకుని ఒక సంగతి కనిపెడతాడు. తనకు తెలిసిన సూపర్‌హీరోలెవరికీ అమ్మానాన్నలు లేరు, తనకేమో ఉన్నారు. దాంతో కన్నవాళ్లనే చంపేస్తాడు. చేసింది ఘోరం. కనిపెట్టింది మాత్రం నిజం.

సూపర్‌మ్యాన్ తల్లిదండ్రులు తమ గ్రహంతో పాటే పోయారు. బ్యాట్‌మ్యాన్ అమ్మానాన్నలను దొంగ ఒకడు పిల్లాడి కళ్లముందే కాల్చేశాడు. స్పైడర్‌మ్యాన్‌ను పెంచింది పెదనాన్న, పెద్దమ్మ. ఆ పెదనాన్నా దొంగ చేతిలోనే పోయాడు. వండర్‌ఉమన్‌కైతే తండ్రే లేడు. పార్వతీదేవి నలుగుపిండితో వినాయకుణ్ణి చేసుకున్నట్టు, ఆమెనూ తల్లి మట్టితో చేసుకుంది.

ఇందులో కథలు రాసేవాళ్ల వెసులుబాటు కొంత ఉంది. ఇంట్లో అమ్మ ఉంటే రాత్రి పదింటికి పిల్లాణ్ణి ముసుగేసుకుని మేడలెక్కనిస్తుందా? కానీ వెసులుబాటు ఒక్కటే అయితే ఇంతమంది అనాథలు ఒకే దేశంలో, ఇంచుమించు ఒకే పాతికేళ్లలో పుట్టరు. వాళ్లను గీసినవాళ్లెవరో, ఎక్కడ పెరిగారో, పేజీకి ఎంత తీసుకున్నారో చూస్తే విషయం కాస్త తేటపడుతుంది.

ఖాళీ మిషన్లకు పని కావాలి

కామిక్ పుస్తకాన్ని కనిపెట్టింది కళాకారులు కాదు, అచ్చాఫీసు వాళ్లు. కనెక్టికట్ రాష్ట్రంలో వాటర్‌బరీ అనే ఊళ్లో ఈస్టర్న్ కలర్ ప్రింటింగ్ అనే కంపెనీ ఉండేది. దినపత్రికలకు ఆదివారం రంగుల అనుబంధాలు అచ్చువేసి పెట్టడం దాని వ్యాపారం. ఆర్థిక మాంద్యం రోజులు, మిషన్లు ఖాళీగా ఉంటే నష్టం. పత్రిక సైజు పేజీని మడతలు పెడితే చేతిలో ఇమిడే బొమ్మల పుస్తకం తయారవుతుందని 1933లో అక్కడి అమ్మకాల విభాగానికి తట్టింది. మొదట్లో వాటిని సబ్బుల కంపెనీలాంటివి కూపన్లు పంపినవాళ్లకు ఉచితంగా పంచేవి. మ్యాక్స్ గెయిన్స్ అనే సేల్స్‌మ్యాన్ మిగిలిన కాపీల మీద పది సెంట్ల చీటీ అంటించి రెండు మూడు పత్రికల దుకాణాల్లో పెట్టి చూశాడు. కళ్లు మూసి తెరిచేలోగా అమ్ముడుపోయాయి. అంటే కామిక్ పుస్తకం ఆదివారం అనుబంధానికి పుట్టిన బిడ్డే.

మొదట్లో ఇవన్నీ పత్రికల్లో అప్పటికే వచ్చిన కార్టూన్ స్ట్రిప్‌ల పునర్ముద్రణలు. మంచి స్ట్రిప్‌లన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయాక కొత్త సరుకు అవసరమైంది. పేజీకి పది డాలర్లో, అంతకంటే తక్కువో పుచ్చుకుని గీసేదెవరు? పేరున్న చిత్రకారులు ఆ ఛాయలకు రారు. న్యూయార్క్ ప్రకటనల కంపెనీల్లో, ఖరీదైన పత్రికల్లో యూదులకు తలుపులు దాదాపు మూసే ఉండేవి. ఆ తలుపుల బయట నిలబడ్డ వలస కుటుంబాల కుర్రాళ్లకు దొరికిన మెట్టు ఇదొక్కటే, అన్నిటికంటే కిందిమెట్టు. సూపర్‌హీరోల సృష్టికర్తల జాబితాలో సీగెల్, షుస్టర్, కేన్, ఫింగర్, సైమన్, కిర్బీ, లీ అందరూ యూదులే కావడానికి మూలం ఇక్కడుంది.

గ్లెన్‌విల్ కుర్రాళ్లు

జెర్రీ సీగెల్, జో షుస్టర్ ఇద్దరూ 1914లో పుట్టారు. జెర్రీది క్లీవ్‌లాండే. జో టొరంటోలో పుట్టి, చిన్నప్పుడే ఇంటివాళ్లతో క్లీవ్‌లాండ్ వచ్చాడు. ఇద్దరూ గ్లెన్‌విల్ హైస్కూల్లో కలిశారు. ఇద్దరికీ కళ్లద్దాలు, ఇద్దరికీ ఆడపిల్లలతో మాట్లాడాలంటే భయం, ఇద్దరికీ చవక కాగితం మీద అచ్చయ్యే సైన్స్ ఫిక్షన్ పత్రికలంటే ప్రాణం. జెర్రీ రాస్తాడు, జో గీస్తాడు.

జో ఇంట్లో డ్రాయింగ్ బోర్డు లేదు. అమ్మ రొట్టెల పిండి పిసికే చెక్కపలకే బోర్డు. కాగితం కొనడానికి డబ్బుల్లేక గోడలకు అంటించే కాగితం వెనకవైపు గీసేవాడు. క్లీవ్‌లాండ్ చలికాలం మామూలుది కాదు, ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి బొగ్గు ఉండేది కాదు. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చేతులకు తొడుగులతో పెన్సిల్ పట్టుకునేవాడు. ప్రపంచంలోకెల్లా బలమైన మనిషి బొమ్మ మొదట అలాంటి వేళ్లతో పడింది.

జెర్రీ తండ్రి మిచెల్ సీగెల్ పాతబట్టల దుకాణం నడిపేవాడు. ఆరుగురు పిల్లలు, జెర్రీ ఆఖరివాడు. 1932 జూన్ 2 రాత్రి దుకాణంలోకి దొంగలు వచ్చారు. ఆ గొడవలో మిచెల్ కుప్పకూలిపోయాడు, గుండె ఆగింది. జెర్రీకి అప్పటికి పదిహేడేళ్లు. తర్వాతి జీవితంలో సూపర్‌మ్యాన్ పుట్టుక గురించి ఎన్నో ఇంటర్వ్యూల్లో ఎన్నో కబుర్లు చెప్పిన జెర్రీ, ఆ రాత్రి ప్రస్తావన మాత్రం తేలేదు. దుకాణంలో దోపిడీకి తండ్రిని పోగొట్టుకున్న కుర్రాడు, కొద్దికాలానికే తుపాకిగుండు దిగని మనిషిని ఊహించాడు. ఈ రెంటికీ ముడివేసే పరిశోధకులున్నారు. మరీ సూటిగా కలిపేస్తున్నారు అనేవాళ్లూ ఉన్నారు. నేను మొదటివాళ్ల పక్షమే.

1933 జనవరిలో వీళ్లిద్దరూ సొంతంగా సైక్లోస్టైల్ చేసి పంచిన చిన్న పత్రికలో ఒక సూపర్‌మ్యాన్ కథ వచ్చింది. అందులో సూపర్‌మ్యాన్ దుర్మార్గుడు, పైగా బట్టతల. తర్వాత అతణ్ణి మంచివాడిగా మార్చి బొమ్మలకథ గీసి ఒక ప్రచురణకర్తకు పంపితే, ముందు ఊరించి చివరికి కాదన్నాడు. ఆ కసితో జో పేజీలన్నీ మంటల్లో పడేశాడు. ముఖచిత్రం ఒక్కటి జెర్రీ చేతికి దక్కింది. 1934లో ఒక రాత్రి నిద్రపట్టక జెర్రీ లేచి లేచి రాసుకున్నాడట, తెల్లారగానే వీధులు దాటి జో ఇంటికి పరుగెత్తాడట, ఆ రోజంతా శాండ్‌విచ్‌లు తింటూ ఇద్దరూ గీశారట. ఇది వాళ్లు చెప్పుకున్న కథ. ఇలాంటివి ఏళ్లు గడిచేకొద్దీ మెరుగుపడుతుంటాయి కాబట్టి ‘ట’లు అలాగే ఉంచాను.

ఆ మనిషిలో కొత్త సరుకు తక్కువ, కూర్పు కొత్త. ఎడ్గార్ రైస్ బరోస్ నవలల్లో జాన్ కార్టర్ అంగారక గ్రహం మీద గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి ఆకాశమంత ఎత్తుకు గెంతుతాడు. దాన్ని తిరగేస్తే వేరే గ్రహంవాడు మన భూమ్మీద అలా గెంతొచ్చు. పగలు పిరికివాడు, రాత్రి వీరుడు అనే జంటవేషం 1919లో వచ్చిన జోరో నుంచి ఉన్నదే. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే తీరు మూకీ సినిమాల డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్‌ది. బిగుతు దుస్తుల మీద చెడ్డీ సర్కస్ పహిల్వాన్లది. ప్యాంటు మీద చెడ్డీ ఏమిటని మన పిల్లలు నవ్వుతారు కానీ, ఆనాటి అమెరికా పిల్లలకు బలవంతుడంటే ఆ వేషమే గుర్తు. పసివాణ్ణి పెట్టెలో పెట్టి వదిలేస్తే పరాయి చేతుల్లో పెరగడం యూదులకు మోషే కథ, మనకు కర్ణుడి కథ.

చెక్కు ముందువైపు

నాలుగేళ్లపాటు పత్రికలకు స్ట్రిప్‌లు అమ్మే సిండికేట్లన్నీ ఆ స్ట్రిప్‌ను తిప్పి పంపాయి. ఈలోగా ఇద్దరూ న్యూయార్క్ కామిక్ కంపెనీకి డిటెక్టివ్ కథలు చేసి పంపుతూ పొట్టపోసుకుంటున్నారు. 1938 మొదట్లో ఆ కంపెనీ కొత్త పత్రికకు సరుకు వెతుకుతోంది. పది సెంట్ల చీటీలు అంటించిన గెయిన్స్ అప్పటికి ఒక సిండికేట్‌లో ఉన్నాడు. అతని దగ్గర పనిచేసే షెల్డన్ మేయర్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడికి, అందరూ కాదన్న ఈ స్ట్రిప్ తెగ నచ్చింది. అది ఎడిటర్ విన్ సలివన్ బల్ల మీదికి చేరింది. పేజీల సైజుకు తగ్గట్టు కత్తిరించి, తిరిగి అతికించి, పదమూడు పేజీలు చేసివ్వమన్నాడతను. హడావిడిగా అతికించినందుకే తొలి కథ నడిమధ్యలో మొదలవుతుంది. ఒక ఆడమనిషిని కట్టేసి చంకనెత్తుకుని, అర్ధరాత్రి గవర్నర్ ఇంటికి పరుగెత్తే మనిషితో. పుట్టుక కథకు మొదటి పేజీ ఒక్కటే దక్కింది. అందులో గ్రహానికి పేరు లేదు, పెంచిన కెంట్ దంపతులూ లేరు. దారినపోయే మోటారు మనిషి పిల్లాణ్ణి అనాథాశ్రమానికి అప్పగిస్తాడు, అంతే.

‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938 ఏప్రిల్‌లో దుకాణాలకొచ్చింది. పైన అచ్చయిన నెల జూన్. అట్ట మీద నీలం ఎరుపు దుస్తుల మనిషి ఆకుపచ్చ కారును నెత్తికెత్తి బండకేసి కొడుతుంటాడు. ముందువైపు ఒకడు రెండు చేతుల్తో తల పట్టుకుని, నోరు తెరుచుకుని మన వైపే పరిగెత్తుకొస్తుంటాడు. కారెత్తినవాడు మంచివాడో చెడ్డవాడో ఆ బొమ్మలో తెలియదు. యజమాని హ్యారీ డోనెన్‌ఫెల్డ్‌కు ఆ అట్ట వెర్రిగా కనిపించి, కొన్నాళ్లు సూపర్‌మ్యాన్‌ను అట్ట మీదికి రానివ్వలేదంటారు. అమ్మకాలు పెరిగాక ఎందుకు పెరిగాయో కనుక్కుంటే, సూపర్‌మ్యాన్ ఉన్న పుస్తకం కావాలని పిల్లలు అడుగుతున్నట్టు తేలింది.

ఆ పుస్తకం కంటే నాకు ఎక్కువ ఆసక్తి ఒక చెక్కు మీద. 1938 మార్చి 1 తేదీతో, మొత్తం 412 డాలర్లకు కంపెనీ రాసిచ్చింది. ఏ పనికి ఎంతో ముందువైపే ఎడమపక్క వరస ఉంది. డిటెక్టివ్ కామిక్స్‌కు 210, అడ్వెంచర్‌కు 36, మోర్ ఫన్‌కు 36, సూపర్‌మ్యాన్‌కు 130. పదమూడు పేజీలు, పేజీకి పది. ఆ డబ్బుతో పాటే పాత్ర మీద సర్వహక్కులూ శాశ్వతంగా కంపెనీకి దఖలుపడ్డాయి. చెక్కు మీద కుర్రాళ్లిద్దరి పేర్లూ తప్పుగా రాశారు. అందుకని వెనకవైపు ఒక్కొక్కరూ రెండేసి సంతకాలు పెట్టాల్సి వచ్చింది, తప్పు స్పెల్లింగుతో ఒకటి, సరైన స్పెల్లింగుతో ఒకటి. కంపెనీ తన పాత్రను కాపీ కొట్టారని వేరే ప్రచురణకర్త మీద కేసు వేసినప్పుడు, హక్కులు తనవేనని చూపడానికి కోర్టులో పెట్టిన సాక్ష్యాల్లో ఇదొకటి. 2012లో ఈ చెక్కును వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక మంచి ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది.

తొలినాళ్ల సూపర్‌మ్యాన్ ఇప్పటివాడిలా బుద్ధిమంతుడు కాదు. మొదటి సంచికలోనే పెళ్లాన్ని కొట్టే మొగుణ్ణి గోడకేసి కొట్టాడు. మరో సంచికలో, కార్మికుల ప్రాణాలంటే లెక్కలేని గని యజమానిని అదే గనిలో ఇరికించి, లోపల ఎలా ఉంటుందో చూపించాడు. ఇంకో సంచికలో మురికివాడను నేలమట్టం చేసేస్తాడు. ఇళ్లు కూలితే ప్రభుత్వం చచ్చినట్టు మంచి ఇళ్లు కట్టిస్తుందని అతని తర్కం. గ్రహాంతరవాసులతో పోరాటాలు లేవు. లంచాలు తినే సెనేటర్లు, అడ్డంగా బండ్లు నడిపేవాళ్లు, ఆయుధాల వ్యాపారులే విలన్లు. మాంద్యంలో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లకు ఎవరి మీద కోపముందో అదంతా పేజీల మీద ఉంది. తర్వాత కంపెనీ ఎడిటర్లు పాత్రకు కళ్లెం వేశారు. నాకైతే కళ్లెం లేనివాడే ఇష్టం.

పార్కు బెంచీ మీద గబ్బిలం

పెట్టిన డబ్బుకు వందరెట్లు వస్తోందని తెలియగానే అందరికీ ఒక సూపర్‌మ్యాన్ కావాల్సొచ్చాడు. బాబ్ కేన్ అనే చిత్రకారుడు సీగెల్, షుస్టర్ సంపాదన ఎంతో విని, శుక్రవారం వెళ్లి సోమవారానికి ఒక హీరోను తెస్తానన్నాడట. తెచ్చిన బొమ్మలో ఎర్ర దుస్తులు, కళ్లకు చిన్న ముసుగు, వీపుకు గట్టి గబ్బిలం రెక్కలు. చెప్పుల దుకాణంలో పనిచేస్తూ అతనికి కథలు రాసిపెట్టే బిల్ ఫింగర్ ఆ బొమ్మ చూసి మార్పులు చెప్పాడు. తల మొత్తం కప్పే చెవుల ముసుగు, రెక్కలకు బదులు గాలికి తేలే కేప్, చేతికి తొడుగులు, బూడిదరంగు. అంటే మనం బ్యాట్‌మ్యాన్ అని గుర్తుపట్టేదంతా ఫింగర్ చెప్పిందే. బ్రాంక్స్‌లో ఎడ్గార్ ఎలన్ పో నివసించిన కుటీరం పక్కన పార్కు ఉంది. ఇద్దరూ అక్కడ బెంచీ మీద కూర్చుని కథలు అల్లుకునేవాళ్లు. 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ వచ్చాడు. అతనెందుకిలా అయ్యాడన్నది అప్పుడు చెప్పలేదు. ఆరు నెలల తర్వాత 33వ సంచికలో రెండు పేజీల్లో చెప్పారు. సినిమా చూసి ఇంటికొస్తున్న కుటుంబం, గొలుసు కోసం ఎదురుపడ్డ దొంగ, రెండు శవాలు, దీపం వెలుగులో మోకాళ్ల మీద కూర్చుని ఒట్టు పెట్టుకునే పిల్లాడు.

కేన్‌కు వ్యవహారం తెలుసు. పేరు తనదొక్కడిదే ఉండేలా కంపెనీతో ఒప్పందం రాయించుకున్నాడు. రాబిన్, జోకర్, గోథమ్ నగరం, ఇలా ఎన్నింటిలోనో చెయ్యున్న ఫింగర్ పేరు సృష్టికర్తగా ఎక్కడా పడలేదు. ఆయన 1974లో పోయినప్పుడు పత్రికలు పట్టించుకోలేదు. కేన్ తన ఆత్మకథలో, ఫింగర్‌కు పేరు దక్కాల్సిందని ఒప్పుకున్నది ఆయన పోయిన పదిహేనేళ్లకు. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత పట్టుబట్టి వెతికి ఫింగర్ మనవరాలిని కనుక్కున్నాక, ఒత్తిడి పెరిగి, 2015లో డీసీగా పేరు మారిన అదే కంపెనీ ఫింగర్ పేరు వేయడానికి దిగొచ్చింది.

హిట్లర్ దవడ

1940 డిసెంబర్‌లో దుకాణాల్లోకి ఒక అట్ట వచ్చింది. జెండా రంగుల దుస్తుల్లో ఉన్న కెప్టెన్ అమెరికా, హిట్లర్ దవడ మీద ఫెడీమని గుద్దుతున్నాడు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఇంకా ఏడాది ఉంది. యుద్ధం మనకెందుకు అనేవాళ్లే దేశంలో ఎక్కువ, న్యూయార్క్‌లో బహిరంగంగా నాజీ జెండాలు పట్టుకుని ఊరేగినవాళ్లూ ఉన్నారు. ఆ అట్ట వేసిన జో సైమన్, జాక్ కిర్బీలకు యూరప్‌లో ఏం జరుగుతోందో ఇంట్లో మాటల్లోనే తెలుసు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, ఆఫీసు ముందు గుర్తుతెలియని మనుషులు తచ్చాడారు. పోలీసులు కాపలా పెట్టారు. ధైర్యంగా ఉండండని మేయర్ లాగార్డియా ఫోన్ చేసి చెప్పాడని సైమన్ రాసుకున్నాడు.

కిర్బీ అసలు పేరు జేకబ్ కుర్ట్‌జ్‌బర్గ్. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు ఇళ్లలో, వీధి ముఠాల కొట్లాటల మధ్య పెరిగాడు. అతని బొమ్మల్లో మనుషులు గాల్లో గింగిరాలు తిరిగి ఫ్రేము దాటి పడతారంటే కారణం అదే. దెబ్బ తింటే మనిషి ఎలా పడతాడో చూసినవాడి గీత అది. 1944లో సైన్యంతో ఫ్రాన్స్‌లో దిగాడు, చలికి పాదాలు దెబ్బతిని తిరిగొచ్చాడు. బొమ్మలో కొట్టినవాణ్ణి నిజంగా కొట్టడానికి వెళ్లిన చిత్రకారుడు అతను.

వండర్‌ఉమన్‌ది మాత్రం వేరే దారి. ఆమెను సృష్టించిన విలియం మౌల్టన్ మార్‌స్టన్ హార్వర్డ్‌లో చదివిన మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు పెరుగుతుందని ప్రయోగాలు చేసినవాడు. ఆమె చేతి తాడు చుట్టుకుంటే ఎవరైనా నిజం కక్కాల్సిందే. లై డిటెక్టర్ పిచ్చి ఉన్న రచయితకు అంతకంటే ఏం తోస్తుంది? ఆయన భార్య ఎలిజబెత్ హాలోవే, మరో స్త్రీ ఆలివ్ బర్న్, పిల్లలు, అందరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్‌కు ఆలివ్ చెల్లెలి కూతురు. చేతులకు వెడల్పాటి కడియాలు వేసుకునేది. వండర్‌ఉమన్ తుపాకిగుళ్లను అడ్డుకునే కడియాలు అక్కడివే.

అదే రోజుల్లో సూపర్‌మ్యాన్‌ను అమ్మకాల్లో దాటేసిన హీరో ఒకడున్నాడు, ఫాసెట్ కంపెనీ కెప్టెన్ మార్వెల్. ఇతనూ అనాథే, పత్రికలమ్ముకునే పిల్లాడు. ‘షజామ్’ అంటే వీరుడవుతాడు. కాపీ అంటూ సూపర్‌మ్యాన్ కంపెనీ వేసిన కేసు పన్నెండేళ్లు సాగి, 1953లో ఫాసెట్ చేతులెత్తేసింది. యుద్ధం అయిపోయాక జనానికి హీరోల మోజు తగ్గింది. నేర కథలు, దయ్యాల కథలు అమ్ముడయ్యాయి. పిల్లలు పాడైపోతున్నారని మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్ పుస్తకం రాయడం, 1954లో సెనేట్ విచారణ, కంపెనీలు తమకు తామే కోడ్ విధించుకోవడం చకచకా జరిగిపోయాయి. దయ్యాలు పోయాయి. అప్పుడు మళ్లీ హీరోలకు చోటు దొరికింది.

సాలీడు ఎవరికి కావాలి?

1938లో బలం వేరే గ్రహం నుంచి వచ్చింది, 1940 చివర్లో కెప్టెన్ అమెరికాకు సూదిమందు నుంచి. 1960లలో అణుధార్మికత నుంచి. హల్క్ గామా కిరణాలు, ఫెంటాస్టిక్ ఫోర్ అంతరిక్ష కిరణాలు, రేడియోధార్మిక సాలీడు. స్కూల్లో బల్లల కింద దాక్కుని అణుబాంబు డ్రిల్లులు చేసిన పిల్లలకు ఆ భయం కొత్తగా చెప్పక్కర్లేదు. శక్తికి ఏదో ఒక శాస్త్రీయ సాకు చూపించడం అమెరికన్ కామిక్స్ ఆచారం. మన దగ్గర ఆ బాధ లేదు. 1980లో ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’ అయినప్పుడు ఆంజనేయస్వామి వరం చాలింది. కన్నవాళ్లను దుండగులు చంపడం మాత్రం అక్కడా తప్పలేదు.

మార్వెల్ కంపెనీ ఎడిటర్ స్టాన్ లీ అసలు పేరు స్టాన్లీ లీబర్. యజమాని మార్టిన్ గుడ్‌మన్ భార్యకు దగ్గరి బంధువు, టీనేజీలోనే ఆఫీసులో చేరాడు. 1961లో కిర్బీతో కలిసి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ తెచ్చాడు. ఒకరితో ఒకరు పోట్లాడుకునే హీరోలు అప్పటికి కొత్త. తర్వాత సాలీడు కుర్రాడి ఆలోచన చెబితే గుడ్‌మన్ ముఖం చిట్లించాడట. జనానికి సాలీళ్లంటే అసహ్యం, పైగా పిల్లాడు హీరో పక్కన ఉండాలి గానీ హీరో ఎలా అవుతాడని. సరే, ఎలాగూ మూసేస్తున్న పత్రిక ‘అమేజింగ్ ఫాంటసీ’, దాని ఆఖరి సంచికలో పెడదామన్నారు. 1962 ఆగస్టు తేదీతో పదకొండు పేజీల కథ. బొమ్మలు స్టీవ్ డిట్కోవి. పీటర్ పార్కర్ బక్కపలచని భుజాలు, గోడ మూలల్లో ఒదిగే వేళ్లు, ముఖమంతా కప్పేసిన ముసుగు ఆయన గీతలోనివే. పీటర్ శక్తి రాగానే ఊరిని ఉద్ధరించడానికి పోడు, టీవీలో డబ్బు సంపాదించడానికి పోతాడు. పారిపోయే దొంగను పట్టుకోమంటే నాకేం పని అంటాడు. ఆ దొంగే తన పెదనాన్నను చంపాడని చివర్లో తెలుస్తుంది. అనాథ హీరోల కథల్లో ఇది ఒక మెట్టు పైన నిలుస్తుంది. ఇక్కడ చావులో హీరోకు భాగముంది.

లీ పని పద్ధతి వేరు. కథ నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. చిత్రకారుడు దాన్ని ఇరవై పేజీల బొమ్మలుగా అల్లి తెచ్చేవాడు. అప్పుడు లీ మాటలు రాసేవాడు. మరి కథ ఎవరిది? రచయితగా పేరు, జీతం లీవి. గీసినవాళ్లకు పేజీకింత. గీసినవాళ్లకిచ్చే ఆ చెక్కుల వెనకే ముద్ర వేసి ఉండేది, సంతకం పెట్టి డబ్బు మార్చుకుంటే పనిమీద హక్కులన్నీ కంపెనీకి వదులుకున్నట్టేనని. డిట్కో 1966లో లేచి వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూలు ఇవ్వలేదు, 2018లో పోయేదాకా మ్యాన్‌హాటన్‌లో తన గదిలో గీసుకుంటూనే ఉన్నాడు. ఆయన చేత్తో గీసిన ఆ తొలి స్పైడర్‌మ్యాన్ సంచిక అసలు పేజీలు 24, పేరు చెప్పని దాత ఒకరు 2008లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చారు. కిర్బీ తన అసలు పేజీలు తిరిగి అడిగినప్పుడు మాత్రం మార్వెల్ నాలుగు పేజీల ప్రత్యేక హామీపత్రం ముందుపెట్టింది. మిగతా చిత్రకారులకు ఒక పేజీ సరిపోయింది. వేల పేజీలు గీసిన మనిషికి 1987లో దాదాపు రెండువేల పేజీలు వెనక్కి వచ్చాయి. వారసులతో మార్వెల్ రాజీ పడింది ఆయన పోయిన ఇరవయ్యేళ్లకు, 2014లో, కేసు సుప్రీంకోర్టు గుమ్మంలో ఉండగా.

గుమాస్తా ఉత్తరం

సీగెల్, షుస్టర్ 1947లో కోర్టుకెక్కారు. మరుసటేడు సుమారు 94,000 డాలర్లు తీసుకుని రాజీపడ్డారు. అందులో లాయర్ల వాటా పోగా మిగిలింది స్వల్పం. పుస్తకాల మీద పేర్లు తీసేశారు. పదేళ్లు తిరిగేసరికి జెర్రీ అదే కంపెనీకి మళ్లీ వెళ్లి, పేరు లేకుండా, పేజీ లెక్కన, తన సూపర్‌మ్యాన్‌కే కథలు రాశాడు. వాటిలో 1961 నాటి సూపర్‌మ్యాన్ మరణం కథను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ కథ రాసింది ఎవరో చదివిన పిల్లలకు తెలియదు. మళ్లీ హక్కుల మాట ఎత్తేసరికి ఆ పనీ పోయింది.

1975లో సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా తీస్తున్నారని వార్త వచ్చింది. జెర్రీ అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ప్రభుత్వ కార్యాలయంలో ఉత్తరాలు సర్దే గుమాస్తా, ఏడాదికి 7,000 డాలర్ల జీతం. జోకు చూపు దాదాపు పోయింది. న్యూయార్క్‌లో తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. జెర్రీ కూర్చుని పేజీల కొద్దీ టైపు చేసి పత్రికలకు పంపాడు. ఆ సినిమా పోవాలని శాపనార్థాలు పెట్టాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే చిత్రకారులు దాన్ని అందిపుచ్చుకున్నారు. టీవీ షోలకు తీసుకెళ్లారు, కార్టూనిస్టుల సంఘాన్ని కదిలించారు. క్రిస్మస్ ముందు ఇలాంటి వార్త సినిమా కంపెనీకి మంచిది కాదు. డిసెంబర్‌లో సూపర్‌మ్యాన్ కంపెనీ యజమాని అయిన వార్నర్ దిగొచ్చి, చెరొకరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, పుస్తకాల మీదా తెర మీదా పేర్లు వేయడానికి ఒప్పుకుంది. రాబిన్సన్ పట్టుబట్టింది ముఖ్యంగా ఆ పేర్ల కోసం. జో 1992లో, జెర్రీ 1996లో పోయారు. వారసుల కేసులు ఏళ్లతరబడి నడిచి, చివరికి కంపెనీ వైపే తేలాయి.

క్లీవ్‌లాండ్‌లో జెర్రీ ఇల్లు ఇంకా ఉంది, విరాళాలతో బాగుచేశారు. జో కుటుంబం ఉన్న అపార్ట్‌మెంటును కూల్చేశారు. ఆ స్థలం చుట్టూ వేసిన కంచెకు తొలి కథ పేజీలను పెద్ద రేకు పలకల మీద ముద్రించి బిగించారు. ఒక పలక నుంచి ఇంకో పలకకు నడుచుకుంటూ కథంతా చదవొచ్చు.

అమెరికా కాపీరైటు చట్టం ప్రకారం 1938 నాటి ప్రచురణలకు రక్షణ తొంభై అయిదేళ్లు. అంటే 2034 జనవరి 1న ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక అందరిదీ అవుతుంది. బ్యాట్‌మ్యాన్ ఏడాది తర్వాత. అయితే ట్రేడ్‌మార్కులు కంపెనీ దగ్గరే ఉంటాయి. పైగా బయటికొచ్చేది ఆ సంచికలో ఉన్న సూపర్‌మ్యాన్ మాత్రమే. ఎగరడం యానిమేషన్ సినిమాల రోజుల్లో స్థిరపడింది, క్రిప్టోనైట్ 1943లో రేడియో నాటకంలో పుట్టింది. వాటికి ఇంకా గడువుంది. కాబట్టి 2034లో ఎవరైనా తెనాలిలోనో వరంగల్లోనో కూర్చుని సూపర్‌మ్యాన్ కథ గీయాలనుకుంటే, వాళ్ల హీరో ఇరవై అంతస్తుల మేడ దూకగలడు, రైలును దాటి పరుగెత్తగలడు, గాల్లో తేలడం మాత్రం కుదరదు.